కుక్క నోట్లో మాట పెట్టకు

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

నీ కవరు అందింది. మీ ఇంటి కుక్కలు బ్రూనో, స్వీటీల మీద రాసిన మూడు కథలూ చదివాను. నీకు రాయడం వచ్చు, అందులో అనుమానం లేదు. పొగడ్త ఇక్కడితో సరి. రెండో కథ చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు, ముందు అది తేల్చుకోవాలి.

పుట్టినరోజు కోసం ఫ్రిజ్ మీద దాచిన చాక్లెట్ల డబ్బాను మీ బ్రూనో లాగి కింద పడేసి, కాగితాలతో సహా నమిలేసి, రాత్రంతా "ఆనందంతో గంతులేసింది" అని రాశావు. ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుని నవ్వారట. ఇది కల్పనా, నిజంగా జరిగిందా? జరిగితే పశువుల డాక్టరుకు ఎవరైనా ఫోన్ చేశారా? చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో అది త్వరగానే అరిగిపోతుంది, కుక్క ఒంట్లో మాత్రం గంటల తరబడి నిలిచి ఉంటుంది. గుండె దడ, వాంతులు, వణుకు, ఎక్కువ తింటే ఫిట్స్ కూడా. నల్లగా, చేదుగా ఉండే రకమైతే మరీ ప్రమాదం. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఇవేవీ కుక్కకు పడవు. నీకు గంతుల్లా కనిపించినవి ఆ దడకు పడ్డ అవస్థ కావచ్చు. ఆ కథ ఎక్కడికీ పంపకు. చదివిన పిల్లలు రేపు తమ కుక్కకు చాక్లెట్ పెట్టి, ఎప్పుడు గంతులేస్తుందా అని ఎదురుగా కూర్చుంటారు.

నాకు కోపం తెప్పించింది చాక్లెట్ ఒక్కటే అయితే ఒక కార్డు ముక్క రాసి ఊరుకునేవాణ్ని. "ఆనందంతో" అన్నావు చూడు, అక్కడ పట్టుకుంది నాకు. ఆనందమని నీకెవరు చెప్పారు? మొదటి కథలో కుండీ పగలగొట్టిన స్వీటీ, "ఈ ఒక్కసారికి క్షమించు అమ్మమ్మా, ఇంకెప్పుడూ చేయను" అన్నట్టు చూసింది. మూడో కథకు వచ్చేసరికి బ్రూనో ఏకంగా నోరు తెరిచి మాట్లాడింది, అదీ అచ్చమైన పాఠ్యపుస్తకం తెలుగులో. మీ పాలమూరు ఇంట్లో అమ్మమ్మ ఒక తీరు మాట్లాడుతుంది, నాయన ఒక తీరు మాట్లాడతాడు, పాలు పోసే ఆయన ఇంకో తీరు. ఆ ఇంట్లో ఎవరికీ రాని భాష కుక్కకు ఎట్లా వచ్చింది?

నేను ఇన్నేళ్లుగా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నది ఒక్కటే. కుక్క నోట్లో చెప్పు ఉండనియ్యి. మాట పెట్టకు.

స్వీటీ క్షమాపణ సంగతే తీసుకో. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆమె 2009లో ఒక ప్రయోగం అచ్చు వేసింది. తినొద్దని కుక్కకు చెప్పి, తినేది దాని ముందే పెట్టి, యజమాని గది బయటికి వెళ్తాడు. తిరిగి వచ్చాక అతనికి కొన్నిసార్లు నిజం చెప్పారు, కొన్నిసార్లు అది తినకపోయినా తిన్నదని చెప్పారు. మనం ‘తప్పు చేసిన మొహం’ అంటామే, అది కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఏమీ తినకుండా ఉత్తపుణ్యానికి తిట్లు తిన్న కుక్కలు ఆ మొహం ఇంకాస్త ఎక్కువే పెట్టాయి. అంటే మీ స్వీటీ కుండీ గురించి ఏమీ అనుకుని ఉండదు. అమ్మమ్మ చీపురు ఎత్తింది, గొంతు పెంచింది. అది చెవులు వెనక్కి వాల్చింది, తోక కాళ్ల సందున పెట్టింది, ఓరగా చూసింది. అంతవరకే రాసి ఆగు. "సూడు సూడు, తప్పు ఒప్పుకుంటుంది" అని అమ్మమ్మను అననియ్యి. నవ్వు అక్కడుంది. అమ్మమ్మ ఒక మొహంలో తనకు కావలసింది చదువుకుంటోంది. నువ్వు మధ్యలో దూరి ఆ పని నువ్వే చేసేశావు, ఆమెకు ఏమీ మిగల్చలేదు.

చెప్పుల కథ కూడా అంతే. బ్రూనో చిన్నప్పుడు రోజుకొక చెప్పు కొరికిందని, "దాని అల్లరికి అంతే లేదు" అని ఒక్క ముక్కలో తేల్చావు. కుక్కపిల్లకు పాలపళ్లు 28. మూడో నెల దాటాక అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలుపుతుంటే దానికి గడప అయినా ఒకటే, మంచం కోడు అయినా ఒకటే. అయితే అరుగు మీద ఇంటిల్లిపాది చెప్పులూ ఉండగా మీ నాయన చెప్పునే ఎందుకు ఎత్తుకుపోయిందో అది రాయాలి కదా. పాత చెప్పు, చెమట పట్టిన చెప్పు, వాసన దండిగా ఉంటుంది. అది కుక్క లెక్క. ఇంట్లోవాళ్ల లెక్కలు వేరే ఉంటాయి. నాయన "నేనంటే దీనికి పగ" అంటాడు. అమ్మ "మీరంటేనే దానికి పానం" అంటుంది. అమ్మమ్మ "గిప్పుడన్న కొత్తయి కొనుక్కుంటడని" అంటుంది. ఒక్క చెప్పు మీద ముగ్గురూ తమ తమ మనసులో మాట బయటపెట్టారు. కుక్కకు ఇదంతా ఏం తెలుసు? అది పెరట్లో జామచెట్టు కింద కూర్చుని తన పని తాను చేసుకుంటోంది.

మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతా. మా నల్లగొండ నీళ్ల సంగతి లోకానికంతా తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు. వేరే ఊళ్లకు మిఠాయిల మీద, చీరల మీద పేరొచ్చింది, మాకు ఇట్లా వచ్చింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా మా అమ్మకు నల్లా మీద నమ్మకం లేదు. తాగడానికి ఫిల్టర్ నీళ్ల క్యాన్ రావాల్సిందే. ఒకరోజు ఆ నీళ్లు స్టీలు సర్వలో వంపి, మూత పెట్టడం మరిచి ఎవరో ఫోన్‌లో పడ్డారు. మా కుక్క వచ్చి సర్వలో మూతి పెట్టింది. కుక్క నీళ్లు తాగేటప్పుడు నాలుకను వెనక్కి మడిచి కొడుతుంది కదా, ఆ టపటప చప్పుడుకు అందరం వంటింట్లోకి ఉరికాం.

ఇక పంచాయితీ. పారబోయమని నా భార్య. పైసలు పెట్టి కొన్న నీళ్లు ఎట్లా పారబోస్తరని అమ్మ. చెట్లకు పోద్దామని నేను. చెట్లకు ఫిల్టర్ నీళ్లా అని ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు, ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అరుదు. మనవడు ఫోన్‌లో వెతికి కుక్క నోట్లో ఏమేం క్రిములుంటాయో గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. చివరికి అమ్మ, "చారు పెడితే అన్ని సస్తయి" అని తీర్పు చెప్పింది. ఆ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా వియ్యంకుడు భోజనానికి వచ్చాడు. చారు రెండుసార్లు పోయించుకున్నాడు. "నీళ్లు మారితే రుచే వేరు బావా" అన్నాడు. మేమెవరం తలలెత్తలేదు. కుక్క గుమ్మంలో పడుకుని నిద్రపోతోంది. ఈ మొత్తంలో అది చేసిన పని నీళ్లు తాగడం ఒక్కటే.

నువ్వైతే ఆ చివర్లో కుక్కతో కన్ను కొట్టించేదానివి.

నిన్నని లాభం లేదు, ఈ జబ్బు ఎక్కడిదో నాకు తెలుసు. ఇప్పుడు ఏ హాస్య సంచిక తిరగేసినా ఒక కుక్క తన ఆత్మకథ చెప్పుకుంటూ ఉంటుంది. "నా పేరు జిమ్మీ, నేను పుట్టింది ఒక మురికి కాలువ పక్కన" అని మొదలవుతుంది. నాలుగో పేజీకి అది మనుషులకు మానవత్వం నేర్పుతుంది. పోటీల్లో మొదటి బహుమతి దానికే. అదీ కాకపోతే పాము నుంచి పసిపిల్లను కాపాడి చనిపోతుంది. తెలుగు కథల్లో పాముకాటుకు పోయినన్ని కుక్కలు ఏ ఊళ్లోనూ పోయి ఉండవు.

ఇందులో నాకు పాత బాకీ ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవరకొండ వైపు ఒక పల్లెలో బడి పంతులుగా ఉన్నాను. నా వెంట టైగర్ అని ఒక ఊరకుక్క బడికి వచ్చేది, నల్లబల్ల కింద చల్లగా ఉంటుందని అక్కడే పడుకునేది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆయన ఎక్కాలు అప్పజెప్పించుకునే లోపల టైగర్ ఒక చెప్పు ఎత్తుకుపోయింది. ఒక్కటే. జత ఎత్తుకుపోయిన కుక్కను నేను ఇంతవరకు చూడలేదు. పిల్లలంతా ఎక్కాలు వదిలేసి చెప్పు కోసం చేలల్లో పడ్డారు, ఇదే సందని కొందరు ఇళ్లకు కూడా పోయారు. దొరకలేదు. ఆయన ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మా హెడ్‌మాస్టరు చెప్పు తొడుక్కుని జీపెక్కాడు. రిపోర్టులో మా చదువుల గురించి ఒక్క ముక్క లేదు, "బడికి ప్రహరీగోడ అత్యవసరం" అని ఉంది. ఎన్నిసార్లు అర్జీ పెట్టినా రాని గోడ ఆ ఏడే వచ్చింది.

ఇదంతా కథగా రాసి, కార్బన్ కాగితం పెట్టి నకలు తీసి, తిరుగు స్టాంపులు జత చేసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. తెరిచి చూస్తే అధికారి లేడు, చెప్పు లేదు, గోడ లేదు. అర్ధరాత్రి బడిలో దొంగ పడ్డాడు. టైగర్ వాడి కాలు పట్టుకుని వదలకుండా కత్తిపోటుకు ప్రాణం విడిచింది. కింద నా పేరు. ఇదేమిటని ఉత్తరం రాస్తే సంపాదకుడి జవాబు వచ్చింది. మీ ప్రాంతపు సంభాషణలు మా పాఠకులకు కొరుకుడు పడవు కాబట్టి తీసేశాం, కథకు ప్రయోజనం ఉండాలి కాబట్టి చేర్చాం అన్నాడు. మనియార్డరు కూడా వచ్చింది, దానికి ఆ అధికారి పోగొట్టుకున్న ఒంటిచెప్పు ఖరీదు కూడా రాదు. పత్రిక చదివిన మా మేనత్త టైగర్ పోయిందని పరామర్శకు పల్లెకు వచ్చింది. కళ్లొత్తుకుంటూ లోపలికి వచ్చి కూర్చుంది. పోయేటప్పుడు చూసుకుంటే ఒక చెప్పు లేదు.

ఆ సంపాదకుడి లాంటివాళ్లకు జవాబు ఎట్లా చెప్పాలో మీ పాలమూరు మనిషే చూపించాడు. తెలంగాణలో కవులు లేరన్న మాట పుట్టినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఉత్త మాటలతో ఊరుకోలేదు. 1934లో 354 మంది తెలంగాణ కవులను ‘గోలకొండ కవుల సంచిక’ అని ఒక్క సంచికలో అచ్చు వేసి చేతిలో పెట్టారు. నువ్వు కూడా మీ ఇంటి మాటలు తీసి పక్కన పెట్టకు. అమ్మమ్మ తిట్లు యథాతథంగా రాయి. ఎవరైనా కొట్టేస్తామంటే కథ వెనక్కి ఇమ్మను.

ఇక నన్ను కదిలించిన చోటు. రోజంతా "గీ కుక్కను ఎల్లగొట్టుర్రి" అని అరిచే అమ్మమ్మ, రాత్రి జొన్నరొట్టె ముక్క కొంగున ముడేసుకుని, అందరూ పడుకున్నాక ముడి విప్పబోతుంది, చేతివేళ్ల నొప్పులకు ముడి రాదు, స్వీటీ కొంగుతో సహా నమలడం మొదలుపెడుతుంది. పొద్దున చీరకు కన్నం చూసి అమ్మ అడిగితే "ఎలుకలు" అంటుంది. ఇది చదివి నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు అట్లాగే కూర్చున్నాను. ఇక్కడ స్వీటీ ఏమీ అనలేదు, ఏమీ అన్నట్టు చూడలేదు. తర్వాతి పేరాలో "మూగజీవాల ప్రేమ ఎంత గొప్పది" అని ఒక వాక్యం పెట్టావు. దాన్ని కొట్టెయ్యి. ‘ఎలుకలు’ దగ్గర ఆపెయ్యి.

కుక్కలు ఇంట్లో వద్దే వద్దని ఒట్టుపెట్టుకున్న నాయన చివరికి కుక్కకే బానిస కావడం ప్రతివాడూ రాస్తాడు. నీది నిలబడింది, ఎందుకంటే ఆయన ఉస్మానియా బిస్కెట్టు సగం విరిచి, తన సగం చాయ్‌లో ముంచుకుని, బ్రూనో సగం మీద ఊది ఇచ్చాడని రాశావు. చల్లటి బిస్కెట్టు మీద ఎందుకు ఊదాడో నువ్వు చెప్పలేదు, చెప్పకు. పైగా అది ఉల్లిగడ్డ కాదు, సగం బిస్కెట్టుతో బ్రూనోకు వచ్చే నష్టం లేదు, రోజూ మాత్రం వద్దని చెప్పు.

మిగతా ప్రశ్నలు చాలానే అడిగావు. పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరితో రాయించాలి అన్నవాటి జోలికి నేను పోను. ఇంకోసారి పంపేటప్పుడు ఫోన్‌లో మాత్రం పంపకు, నా కళ్లకు ఆ అక్షరాలు ఆనవు. కాగితానికి ఒక పక్కే రాసి, ఎడమ వైపు దండిగా జాగా వదులు, కొట్టివేతలకు పనికొస్తుంది.

కలంపేరు పెట్టుకోవాలా అన్నావు. బిస్కెట్టు మీద ఊదిన సంగతి అచ్చయ్యాక మీ నాయన నీకు బస్ కిరాయి ఇస్తాడో లేదో నాకంటే నీకే తెలుసు. దాన్నిబట్టి చూసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు,
నల్లగొండ