తరగతి గాలిలో బాక్టీరియా, గ్రంథాలయంలో బూజు

నెల్లూరులో చదువుతున్న ఒక విద్యార్థి, వానాకాలంలో తమ విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూజు వాసన వేస్తుందని, ఆ వాసన లేని తరగతి గదిలో గాలి శుభ్రంగా ఉన్నట్టేనా అని అడిగారు.

వాసన లేనంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని కాదు. నిండిన తరగతి గాలిలోని బాక్టీరియాలో అధిక భాగం మనుషుల నుంచే వస్తుంది: చర్మపు పొలుసులతో మైక్రోకాకస్, స్టెఫైలోకాకస్ జాతులు, నడకకు లేచే దుమ్ముతో బాసిల్లస్ బీజాలు (స్పోర్లు). ఇవి చాలావరకు ఆరోగ్యవంతులకు హాని చేయవు.

శిలీంధ్రాల, అంటే బూజు జాతుల, దారి వేరు. క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్, పెనిసీలియం బీజాలు బయటి గాలితో లోపలికి వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు, ప్రకాశం జిల్లాలను తడిపే రోజుల్లో చెమ్మ పట్టిన గోడో, అట్టో, కాగితమో దొరికితే అక్కడే పెరిగి మళ్లీ బీజాలు వదులుతాయి. ఆస్పర్‌జిల్లస్ బీజం సాధారణంగా 2 నుంచి 4 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కనుక ఊపిరితిత్తుల లోతుకు చేరగలదు. ఉబ్బసం ఉన్నవారు జాగ్రత్తపడవలసింది ముఖ్యంగా ఇక్కడే.

బాక్టీరియాను లెక్కించడానికి, 9 సెంటీమీటర్ల పెట్రీ పళ్లెంలో పోషక అగార్ (బాక్టీరియాకు ఆహారమయ్యే జెల్లీ లాంటి పదార్థం) పోసి, నేలకూ గోడకూ మీటరు ఎడంగా గంటసేపు తెరిచి ఉంచి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒకటి రెండు రోజులు పెంచి, ఏర్పడిన చుక్కలను లెక్కిస్తారు. (పళ్లేన్ని ఫ్యాను కింద పెట్టడం తరచూ జరిగే పొరపాటు.) చౌక పద్ధతే గానీ, ఇందులో బరువైన రేణువులే ఎక్కువగా పడతాయి కాబట్టి సన్నని బీజాల లెక్క తగ్గి కనిపిస్తుంది. నా దృష్టిలో, లెక్కల కన్నా ముందు కారే పైకప్పును బాగుచేయించి, ఎదురెదురు కిటికీలు తెరవాలి; వాన కురిసేటప్పుడు తెరిస్తే మాత్రం చెమ్మే లోపలికి వస్తుంది.