విజువల్ నావెల్ మార్కెట్‌లో ఏది నడుస్తోందో ఎట్లా కనుక్కోవాలి? ఒకసారి చేతులు కాల్చుకున్నవాడి జవాబు

"అన్నా, చిత్తూరులో బీటెక్ మూడో ఏడు చదువుతున్నా. రెన్‌పైలో విజువల్ నావెల్ చేద్దామని ఉంది. ఇప్పుడు ఏ రకం కథలు బాగా పోతున్నాయో ముందే ఎట్లా తెలుసుకోవాలి?" అని అడిగినావు. (తెలీనివాళ్లకి: విజువల్ నావెల్ అంటే బొమ్మలు చూస్తూ, మాటలు చదువుతూ, మధ్యమధ్యలో ఆప్షన్లు నొక్కుతూ పోయే కథల గేమ్. రెన్‌పై దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్.)

తమ్ముడూ, మేం ఎక్కడ బోర్లా పడ్డామో ముందు చెప్తా. 2017 సెప్టెంబరులో డోకి డోకి లిటరేచర్ క్లబ్ అనే విజువల్ నావెల్ వచ్చింది. పైకి స్కూలు పిల్లలు, కవితలు, లోపల భయం. పైగా ఫ్రీ. అది రెన్‌పైలోనే చేశారని తెలిసి తిరుపతిలో, బైరాగిపట్టెడ రూములో, నేనూ నా ఫ్రెండూ అదే మాదిరి ఒకటి మొదలుపెట్టినాం. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుంటే రెండేళ్లు పట్టింది. కథ జరిగేది జపాన్ స్కూల్లో. మేమిద్దరం చూసిన దూరాభారం చెన్నై! కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టేసరికి అట్లాంటి గేములు కుప్పలుగా ఉన్నాయి. వచ్చిన నాలుగు రివ్యూల్లో ఒకాయన, రాసినవాళ్లు ఈ స్కూలు గడప తొక్కినట్టు లేదని పట్టేసినాడు. స్టీమ్‌లో గేమ్ పెట్టడానికి వంద డాలర్ల ఫీజు కట్టాలి, గేమ్ వెయ్యి డాలర్లు తెస్తేనే అది వెనక్కి వస్తుంది. మాకు రాలేదు.

మనవైపు వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 2023 జూలైలో మదనపల్లె మండీలో టమాటా కిలో నూటయాభై దాటింది. ఆ ధర చూసి నారు పోసినవాళ్లెంతమందో! నాటినాక కోతకు రెండు నెలల పైమాటే. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. గేమ్‌కి రెండు నెలలు కాదు, ఏడాదో రెండేళ్లో పడుతుంది. అందుకే "ఇప్పుడు ఏది పోతోంది" అన్న నీ ప్రశ్ననే కొంచెం మార్చమంటా. ఆడేవాళ్లు దేనికి విసిగిపోయారు, ఏది దొరక్క అడుగుతున్నారు, అది వెతుకు.

రెండోసారి నేను చేసింది ఇది. స్టీమ్‌లో విజువల్ నావెల్ ట్యాగు పట్టుకొని, మా మాదిరి ఇద్దరు ముగ్గురు చేసిన చిన్న గేములే ఒక నలభై నోటుబుక్కులో రాసుకున్నా. పెద్ద కంపెనీలవి వదిలేసినా. ఆ ట్యాగు కింద పెద్దలకు మాత్రమే అనే సరుకు చానా ఉంటుంది, దాన్ని తీసేయకపోతే లెక్కంతా తప్పుతుంది. ఎన్ని కాపీలు పోయినాయో స్టీమ్ బయటికి చెప్పదు. రివ్యూల సంఖ్యని ముప్పైతోనో యాభైతోనో గుణించి చూసుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ల అలవాటు. అది ఉజ్జాయింపే. ఫ్రీ గేములకి అసలు పనికిరాదు.

అంకెలకంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది బాగాలేదన్న రివ్యూలు చదవడం. రాసినాయన అప్పటికి ఎన్ని గంటలు ఆడినాడో పక్కనే చూపిస్తుంది. అరగంటలో వదిలేసినవాడి తిట్టు వేరు, పన్నెండు గంటలు ఆడి తిట్టినవాడి తిట్టు వేరు. రెండోవాడు నీ పాఠకుడు. ఏ ఆప్షన్ నొక్కినా కథ ఒకే చోటికి పోతోంది అన్న గొడవ నా నోటుబుక్కులో పేజీపేజీకీ ఉంది. ఇంకొకటి మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలలోపు ఆడితే స్టీమ్ డబ్బు వాపసిస్తుంది. గంటన్నరలో అయిపోయే కథైతే పూర్తిగా చదివేసి తిరిగిచ్చేయొచ్చు. నిడివీ ధరా పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకో.

వీఎన్‌డీబీ కూడా చూడు. 2007 నుంచి నడుస్తున్న విజువల్ నావెళ్ల జాబితా అది, ట్యాగులు, నిడివి, ఓట్లు అన్నీ ఉంటాయి. కాకపోతే అక్కడ ఓటేసేది వీటిలో మునిగితేలే వీరాభిమానులు. వాళ్లకి నచ్చింది మామూలు జనం కొంటారని అనుకోవద్దు. గూగుల్ ట్రెండ్స్‌లో వచ్చే వంద అంటే వందమంది వెతికారని కాదు, ఆ కాలంలో అన్నిటికంటే ఎక్కువగా వెతికిన రోజుని వందగా పెట్టి మిగతావి దాంతో పోల్చి చూపిస్తుంది. ఇది తెలీక మా ఫ్రెండు ఒక నెలంతా గంతులేసినాడు.

నన్ను మార్చింది 2023లో వచ్చిన వెన్బా అనే గేమ్. కెనడాకి పోయిన తమిళ కుటుంబం, వంటిల్లు, ఇడ్లీలు. మరుసటి ఏడు బ్రిటన్‌వాళ్ల బాఫ్టా అవార్డుల్లో, తొలి గేమ్ చేసినవాళ్లకిచ్చే అవార్డు కూడా దానికే. పక్క రాష్ట్రపు వంటిల్లు ప్రపంచానికి ఎక్కితే మన ఊరికేం తక్కువ? మా రెండోది గంగమ్మ జాతరలో మొదటిసారి ఆడవేషం కట్టే కుర్రాడి కథ. దాన్ని నేరుగా స్టీమ్‌కి తీసుకుపోలేదు. ఇరవై నిమిషాల ముక్క, చిన్న గేములు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్లో బ్రౌజర్‌లోనే ఆడేటట్టు పెట్టినాం. డౌన్‌లోడ్ చేసుకోమంటే పదిమంది రానిచోట, నొక్కితే తెరుచుకునేదానికి జనం వచ్చినారు. కామెంట్లలో అందరూ అడిగింది దెయ్యాల గురించి కాదు, వేషం ఎందుకు కడతారని. మా రీసెర్చిలో అన్నిటికంటే విలువైన పేజీ అదే. మార్చి నెలలో జరిగే నానోరెనో జామ్‌కి (నెలలో ఒక విజువల్ నావెల్ చేసే సవాలు అది) ఇట్లాంటి చిన్న ముక్క చేసుకో, ఖర్చు లేని పరీక్ష.

తెలుగులో పెట్టాలనుంటే రెన్‌పై 8.1 గానీ ఆపై వెర్షన్ గానీ వాడు. అంతకుముందు వాటిలో ఒత్తులు చెట్టుకొకటి పుట్టకొకటి పడేవి. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది కథలు చదివేది ఫోన్లోనే కాబట్టి, వాళ్లకి ఏ కథలు పడతాయో కథలు చదివే ప్రతిలిపి యాప్‌లో చూడు, స్టీమ్‌లో కాదు. మా అమ్మకి ఫోన్లో ఇస్తే పది నిమిషాలు చదివి, "ఊరికే నొక్కుతానే ఉండాలా నాయనా?" అనింది. ఆ రాత్రే, నొక్కకుండానే మాటలు వాటంతటవే ముందుకు పోయే ఆటో బటన్ పెద్దది చేసినా.

వంద డాలర్లు మాత్రం తొందరపడి కట్టొద్దు. డెమో సిద్ధమయ్యే రోజులకి కట్టి పేజీ తెరువు, తర్వాత కొనాలని జనం గుర్తుపెట్టుకునే విష్‌లిస్టులు పోగవనీ. రాబోయే గేముల డెమోలు ఆడించే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, దాన్ని సగం ఉడికిన డెమోతో పోగొట్టుకోవద్దు.