పెళ్లి ఫొటో పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లకండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, చిన్నవాడు పాలు మానేసి మూడేళ్లయింది. ఈ ఏడాది డైటింగ్ చేసి 17 కిలోలు తగ్గాను. అందరూ బాగున్నావంటున్నారు గానీ రొమ్ములు బాగా జారిపోయాయి, కప్పులు పెట్టిన బ్లౌజు లేకుండా బయటికి రాలేకపోతున్నా. బ్రెస్ట్ లిఫ్ట్ గురించి విజయవాడలో ఒక క్లినిక్‌కి వెళ్తే మచ్చే ఉండదు, మళ్లీ జీవితంలో జారవు అన్నారు. నా పెళ్లి ఫొటో చూపిస్తే అచ్చం ఇలాగే చేసేస్తాం అన్నారు. ఫిబ్రవరిలో మా చెల్లెలి పెళ్లి, రెండు నెలలే ఉంది. ఈలోగా అయిపోతుందా? మా ఆయన ‘నీ ఇష్టం’ అన్నారు. అత్తగారికి చెప్పలేదు.

జవాబు: ముందు ఆ క్లినిక్ సంగతి. మచ్చ లేకుండా రొమ్ము పైకెత్తే ఆపరేషన్ ఎక్కడా లేదు, కాబట్టి ఆ మాట అన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. వదులైన బ్లౌజును టైలర్ ఏం చేస్తాడు? ఎక్కువున్న గుడ్డ లోపలికి తీసుకుని కుడతాడు, కుట్టిన చోట గీత పడుతుంది. ఇక్కడా అంతే. సాగిన చర్మం కొంత తీసేసి, లోపలున్నది పైకి సర్ది, చనుమొనను దాని పాత ఎత్తుకు జరిపి కుట్లు వేస్తారు. కొంచెమే జారితే చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున కుట్టుతో సరిపోతుంది, ఇంకాస్త జారితే అక్కడి నుంచి కిందికి నిలువు గీత ఒకటి, బాగా జారినవాళ్లకి వీటితోపాటు రొమ్ము కింది మడతలో అడ్డంగా మరొకటి, మొత్తం చూస్తే పడవ లంగరు ఆకారం. 17 కిలోలు తగ్గారంటే మీకు ఈ చివరిది పడే అవకాశమే ఎక్కువ, అయినా చూడకుండా నేను తేల్చలేను. మొదట్లో ఆ గీతలు ఎర్రగా, దళసరిగా ఉంటాయి, ఏడాది ఏడాదిన్నరకి పాలిపోతాయి. పూర్తిగా చెరిగిపోవడం మాత్రం ఉండదు.

ఒకసారి అద్దం ముందు నిలబడి చెవి కుట్టిన చోట, సిజేరియన్ అయివుంటే ఆ కుట్టు దగ్గర వేలు పెట్టి చూసుకోండి. గట్టిగా, ఉబ్బెత్తుగా తగులుతోందా? మన చామనఛాయ ఒంట్లో అలా మచ్చ పొంగడం కొంచెం ఎక్కువే, దాన్నే కీలాయిడ్ అంటారు. ఉంటే డాక్టరు అడక్కముందే చెప్పండి.

ఇక ఫొటో. మీ పెళ్లినాటికి మీకు పాతికేళ్లుంటాయేమో, పైగా లోపల బ్రా, పైన బిగువుగా కుట్టించిన పట్టు బ్లౌజు! ఆ ఫొటోలో కనిపించేది సగం టైలర్ గొప్పతనమేనండీ. లిఫ్ట్‌తో రొమ్ము ఎత్తు మారుతుంది, ఆకారం మారుతుంది, నిండుదనం మాత్రం రాదు. పిల్లలు పుట్టి, బరువు తగ్గి ఖాళీ అయిన పైభాగం చాలావరకు అలాగే ఉంటుంది, కొందరికి సైజు ఒక మెట్టు తగ్గినట్టు కూడా అనిపిస్తుంది. నిండుగా కావాలంటే ఇంప్లాంట్, అంటే లోపల అమర్చే సిలికాన్ సంచి పెట్టాలి, అది వేరే నిర్ణయం. అదీ జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. రెండు పక్కలా అచ్చు గుద్దినట్టు ఒకేలా రావు (ఇప్పుడు మాత్రం ఒకేలా ఉన్నాయా, చూసుకోండి). చనుమొన దగ్గర స్పర్శ తగ్గవచ్చు, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. మూడో బిడ్డ ఆలోచన ఏ మూలో ఉన్నా ఇప్పుడే వద్దు, మళ్లీ గర్భం వస్తే చేయించుకున్నదంతా సాగిపోతుంది, పాలివ్వడానికీ ఇబ్బంది కావచ్చు.

‘మళ్లీ జారవు’ అన్నది కూడా నిజం కాదు. బిగించి కుట్టేది ఆ సాగిన చర్మాన్నే, వయసు, బరువు మార్పులు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. మొదటికి రాకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ కొంత దిగుతుంది.

ఫిబ్రవరికైతే నేను వద్దంటాను. పూర్తి మత్తు ఇచ్చి రెండు మూడు గంటలు చేసే ఆపరేషన్ ఇది. వారం పది రోజులు ఇంట్లోనే. ఆ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాలు నీళ్ల టిన్ను, గ్యాస్ బండ, చిన్నాడిని చంకనెత్తుకోవడం, ఏవీ కుదరవు, స్కూటీ కూడా డాక్టరు సరేనన్నాకే. రాత్రీ పగలూ బిగువైన సపోర్ట్ బ్రా ఉండాలి. మొదట్లో మరీ పైకి, బిగుసుకుపోయినట్టు కనిపిస్తాయి, అసలు ఆకారం కుదురుకోవడానికి నెలలు పడుతుంది. చెల్లెలి పెళ్లిలో అక్క పరుగెత్తకుండా ఎలా కుదురుతుంది చెప్పండి? అత్తగారికి చెప్పకపోయినా నష్టం లేదు గానీ, నెలపాటు బిందె ముట్టుకోకపోతే ఆవిడే అడుగుతారు. ఇంట్లో చేసిపెట్టే మనిషిని ముందే చూసుకోండి.

పెళ్లి అయిపోయాక వెంటనే ఏప్రిల్, మే అనుకోకండి, మన ఎండల్లో ఆ బ్రాతో చెమట, దురద, కుట్ల దగ్గర చీము పడుతుందేమోనని టెన్షన్. బరువు కనీసం ఆరు నెలలు ఇక్కడే నిలబడిందో లేదో చూసుకుని దసరా దాటాక పెట్టుకోండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ చేసినవాళ్లనే కలవండి, మీలాంటి శరీరం ఉన్నవాళ్లకి చేసి ఏడాది దాటిన ఫొటోలు చూపించమనండి. రొమ్ములో గడ్డ తగిలినా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చినా ముందు ఆ పరీక్షలు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, అందం కోసం చేయించుకునేవాటికి మామూలుగా ఇవ్వరు.

ప్రశ్న: నాకు 24, విజయవాడ సత్యనారాయణపురం. జారకుండా ఉండాలని 1,800 రూపాయలు పెట్టి మసాజ్ నూనె కొన్నాను. పనిచేస్తుందా? పాలిస్తే జారతాయని మా వదిన తన బిడ్డకి డబ్బా పాలే పడుతోంది.

జవాబు: పనిచేయదు. రొమ్ములో కండరం లేదు, కండరం దాని వెనక ఛాతీలో ఉంటుంది. వ్యాయామంతో అది గట్టిపడుతుందే తప్ప సాగిన చర్మం పైకి రాదు, నూనెకి ఆ మాత్రం కూడా చేతకాదు. పాలివ్వడం వల్ల జారవని మీ వదినకి చెప్పండి. గర్భం వచ్చిన ప్రతిసారీ వచ్చే మార్పు, వయసు, బరువు పెరిగి తగ్గడం, పొగతాగడం, కారణాలు ఇవి. బిడ్డ పాలు ఎందుకు పోగొట్టుకోవాలి? ఈసారి నూనె కొనాలనిపిస్తే ఆ డబ్బుతో రెండు మంచి బ్రాలు కొనుక్కోండి, బీసెంట్ రోడ్డులో కంటితో చూసి ఇచ్చే సైజు కాదు, టేపు పెట్టి కొలిపించుకుని.