ఒకే తరగతిలో వేర్వేరు స్థాయిల పిల్లలుంటే పాఠం ఎలా చెప్పాలి?

ప్రశ్న: నాలుగో తరగతిలో కొందరికి తీసివేతలు బాగా వచ్చు, కొందరికి అంకెల స్థానాలే తెలియవు. అందరికీ ఒకే పాఠం ఎలా చెప్పాలి?

పాఠం లక్ష్యాన్ని ఒక్కటిగానే ఉంచి, దాన్ని చేరే దారిని మార్చాలి. అందుకు మార్కుల కంటే ముందు తప్పులను చూడాలి. 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసిన పిల్లవాడిది అజాగ్రత్త కాదు; 2లోంచి 7 పోదు కనుక 7లోంచి 2 తీసేశాడు. మరో పది లెక్కలిచ్చినా అదే తప్పు పదిసార్లు చేస్తాడు. పదేసి చీపురుపుల్లల కట్టలు ఐదు, విడిపుల్లలు రెండు చేతికిచ్చి 27 తీయమంటే ఒక కట్ట విప్పక తప్పదు. ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ఈలోగా లెక్క వచ్చినవారిని, 25 జవాబుగా వచ్చేలా సంత బేరం మీద ఒక లెక్క కట్టమనవచ్చు. చూడటానికి ఆటలా ఉన్నా అది కష్టమైన పనే.

ఇంట్లో కోయ, సవర వంటి భాషలు మాట్లాడే పిల్లలకు చాలాసార్లు తీసివేత కాదు, ‘ఎంత తేడా’, ‘ఇంకా ఎన్ని కావాలి’ అన్న తెలుగు మాటలే అడ్డుపడతాయి. వాటిని ముందుగా వారి భాషలో, ఆ భాష తెలిసిన తోటి పిల్లల చేతనైనా చెప్పించాలి. చూపు మందగించిన పిల్లల కోసం బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాస్తే కొంత సాయంగా ఉంటుంది.

ఇలా స్థాయిని బట్టి చేసిన జట్లు మాత్రం శాశ్వతం కాకూడదు. విద్యారంగంలో పనిచేసే ‘ప్రథమ్’ అనే స్వచ్ఛంద సంస్థ అనుసరించే స్థాయికి తగ్గ బోధనలోనూ పిల్లలను తరగతిని బట్టి కాక ప్రస్తుత స్థాయిని బట్టి కూర్చోబెట్టి, పురోగతి చూసి జట్టు మారుస్తారు.