చెరువు కింద ఊటనేలలో చాపల తుంగ వేయొచ్చా? వేయండి, కానీ చీల్చే చేతులు ముందు చూసుకోండి

ఆత్మకూరు దగ్గర చెరువు కింద అరెకరంలో ఎప్పుడూ ఊట ఉంటోందని, వరి కుళ్ళిపోతోందని, చాపల తుంగ వేస్తే పొలమంతా కలుపైపోతుందేమోనని అడిగారు. వేయండి. మీరు భయపడే తుంగ వేరు. చేలో పీకేకొద్దీ లేచే జానెడు తుంగ సైపరస్ రొటండస్. దాని దుంపలే తుంగముస్తలు. చాపలది సైపరస్ పంగోరి. ఛాతీ ఎత్తు లేస్తుంది, కాళ్ళ కింద తడి లేనిదే బతకదు. గట్టు ఆరి ఉంటే గట్టు దాటి రాదు.

మాది కావలి వైపు ఊరు. మా మేనత్త చాపలు అల్లేది. కార్తీకం వానలకు చెరువు నిండి, సంక్రాంతి దాటాక నీళ్ళు కాస్త తగ్గితే కోత. కాడ మొదలు దగ్గర కొడవలి వేసి, మోపులు కట్టి, ఆ పచ్చి మీదనే చీల్చాలి. ఎండాక చీల్చబోతే విరిగిపోతుంది. అత్త అరుగు మీద కూర్చుని కాడ మొదలును చాకుమొనతో కొద్దిగా చీల్చి, బొటనవేలు మధ్యలో పెట్టి కిందికి లాగేది. తెల్లటి బెండు లోపల కనిపిస్తూ కాడ సర్రున రెండుగా విడిపోయేది. నేను లాగితే సగంలోనే పక్కకు తెగేది. "గట్టిగా లాగబాక నాయనా, వేలు కదలకుండా పెట్టు, అదే వస్తాది" అనేది. ఆ బెండు గీకేసి ఎండలో పరిస్తే ఆకుపచ్చ పోయి లేత గోధుమ రంగుకు తిరిగేది. అల్లే ముందు మళ్ళీ నీళ్ళలో నానబెట్టేది. నేల మీద మేకులు కొట్టి దారాలు బిగించి ఇద్దరు కూర్చునేవాళ్ళు. ఒకరు పుల్లతో తుంగను దూర్చితే, ఇంకొకరు చెక్కతో గట్టిగా దగ్గరకు కొట్టాలి. ఆ చెక్కదెబ్బల చప్పుడు మధ్యాహ్నమంతా వీధిలో వినపడేది.

ఆ చాప మీద ఎండాకాలం పడుకున్నవాడికి ప్లాస్టిక్ చాప మీద నిద్ర పట్టదు. ప్లాస్టిక్ కిందనుంచి చెమట పట్టిస్తుంది, తుంగ గాలి తీసుకుంటుంది. ఇవాళ పెళ్ళిళ్ళలో కూడా రంగు రంగుల ప్లాస్టిక్ చాపలే పరుస్తున్నారు, నాకది అసలు నచ్చదు. మా చెరువులో పూడిక తీయడానికి పొక్లెయిన్ దించి, అంచున ఉన్న తుంగను వేర్లతో సహా ఎత్తి అవతల పోశారు. ఆ చోట ఇప్పుడు జమ్ము లేచింది. చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. జమ్ముకు బల్లపరుపు ఆకు, గోధుమరంగు కండె ఉంటాయి. తుంగకు నున్నటి కాడ, కొసన గొడుగు ఊచల్లా విరిసిన చిన్న పూత. పూరేకులు ఉండవు కాబట్టి అది పువ్వని ఎవరూ అనుకోరు. ఇంకా తీరంలో రొయ్యల చెరువులొచ్చి మంచినీటి కుంటలకు ఉప్పు పట్టిన చోట్ల తుంగ సంగతి సరే, తాగునీటికే కష్టమవుతోంది.

మన దగ్గర ఇది చెరువు ఇచ్చే వస్తువుగానే ఉండిపోయింది, పంటగా చూసినవాళ్ళు తక్కువ. తమిళనాడులో కావేరి ఒడ్డున కరూరు, నామక్కల్ వైపు రైతులు దీన్ని 'కోరై' అని పొలాల్లోనే పెంచుతారు. తిరునెల్వేలి జిల్లా పత్తమడై చాపలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. తుంగను నూలుపోగంత సన్నగా చీల్చి అక్కడ పెళ్ళిచాపలు నేస్తారు. బెంగాల్‌లో మేదినీపూర్ వైపు మాదుర్‌కాఠీ అన్నా ఈ జాతి తుంగే. అక్కడ బతుకు ఇస్తున్న పంట మన నేలలో ఎందుకు ఇవ్వదు?

నాటేది విత్తనం కాదు, వేరుదుంప ముక్కలు. పిలకలున్న ముక్కలను అడుగు దూరంలో బురదలో గుచ్చండి. తడి ఆరకూడదు, కానీ లేత పిలక మునిగేంత నీళ్ళూ నిలవకూడదు. మొదటి నెలల్లో కలుపు తీస్తే చాలు, గుబురు కట్టాక అదే అణిచేస్తుంది. తర్వాత ఏళ్ళ తరబడి మళ్ళీ నాటక్కర్లేదు. పూత ముదరనివ్వకండి, కాడ పెళుసవుతుంది.

అన్నిటికంటే ముందు మీ ఊళ్ళో తుంగ చీల్చడం తెలిసిన ఆడవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ళు లేకపోతే పచ్చితుంగ కొనేవాడు దొరకడం కష్టం. ఉంటే వాళ్ళకు కూలి ముందే మాట్లాడుకుని, దుంపలు తెచ్చే రోజు అలుగు దగ్గరికి వాళ్ళనే తీసుకెళ్ళండి. ఏ గుబురు చాపకు పనికొస్తుందో కాడ పట్టుకుని వాళ్ళే చెబుతారు.