పై లీగ్‌లో నిలదొక్కుకోని డిఫెన్స్‌మన్ కెరీర్‌ను గొప్పదని ఎందుకు అంటారు?
ఈ ప్రశ్నకు ఐస్ హాకీలో బ్రయాన్ హెల్మర్ కెరీరే నా సమాధానం. 1972లో కెనడాలోని సూ సెయింట్ మేరీలో పుట్టిన ఆయనను అత్యున్నత లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్ (నేషనల్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, ఏ జట్టూ ఎంచుకోలేదు; ఆ లీగ్‌లో ఆయన ఆడినవి 146 మ్యాచ్‌లే. దాని కింది స్థాయి అయిన అమెరికన్ హాకీ లీగ్‌లో మాత్రం 1,117 మ్యాచ్‌లు ఆడి, 129 గోల్స్, 435 అసిస్ట్‌లతో (సహచరుల గోల్స్‌కు అందించిన పాస్‌లతో) మొత్తం 564 పాయింట్లు సాధించి, డిఫెన్స్‌మన్‌లలో అగ్రస్థానానికి చేరారు. ప్రత్యర్థిని అడ్డుకోవడమే ప్రధాన బాధ్యతగా ఉండే స్థానంలో ఇన్ని పాయింట్లు రావడం, వెనుక నుంచి పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) అందించి దాడిని మొదలుపెట్టే నేర్పు లేనిదే సాధ్యం కాదు. 1995లో ఆల్బనీ జట్టుతో ఆ లీగ్ టైటిల్ అయిన కాల్డర్ కప్ గెలిచిన ఆయన, 36 ఏళ్లు నిండాక హెర్షీ బేర్స్ కెప్టెన్‌గా 2009, 2010లలో మళ్లీ దాన్ని అందుకున్నారు. నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది ఈ మలిదశకే. 2017లో ఆ లీగ్ ఆయనను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది.