కడ్డీ వంచాలంటే ముందు మణికట్టు సంగతి చూడరా చిన్నా

ఒరేయ్ చిన్నా,

ఉత్త చేతులతో ఇనుప కడ్డీ వంచబోతూ నువ్వు తీసి పంపిన వీడియో నాలుగుసార్లు చూశాన్రా. కడ్డీ వంగలేదని నీకు బాధగా ఉంది గానీ, నీ కుడి మణికట్టు వెనక్కి మడతపడిపోతుంటే నాకైతే ప్రాణం విలవిల్లాడింది. ఆ కడ్డీమీద గీతలు కనిపిస్తున్నాయి, అంటే పక్క బిల్డింగ్ దగ్గర తెచ్చుకున్న 8 ఎంఎం టీఎంటీ, అదే స్లాబుల్లో వేసే కడ్డీ అయ్యుంటుంది. ఇప్పుడొచ్చే టీఎంటీ ఎక్కువగా ఎఫ్ఈ 500 రకం, అంటే గట్టితనం 500, నున్నటి ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు) కడ్డీది 250, అంటే అదే లావులో టీఎంటీ రెండింతలు గట్టిదిరా. మొదటిరోజే దాని జోలికెళ్తే ఎవడి చెయ్యైనా నొస్తుంది, నీలో బలం లేక కాదు.

ఇనుప సామాన్ల కొట్టుకెళ్లి 6 ఎంఎం నున్నటి ఎం.ఎస్. రాడ్ తీసుకుని 7 అంగుళాల ముక్కలు కోయించుకో. అది తేలిగ్గా వంగిపోతుంటే 6 అంగుళాలు చెయ్యి, పొడవు తగ్గేకొద్దీ చేతికి పట్టు దొరకదు, అదే కష్టం. 6 నుంచి 8కి వెళ్లడం 2 ఎంఎమ్మే కదా అనుకుంటావేమో, వంచడానికి కావాల్సిన బలం లావుకి ఘనంలో పెరుగుతుందిరా, 2.3 రెట్లు దాటిపోతుంది. బయటి దేశాల్లో ఈ పని చేసేవాళ్లు గురిపెట్టుకునే ఐరన్‌మైండ్ కంపెనీ కడ్డీ, రెడ్ నెయిల్ అంటారు, అది కూడా 7 అంగుళాలే, లావు అంగుళంలో 16కి 5 వంతులు, అంటే 8 ఎంఎంకి కాస్త తక్కువ, దానికోసం ఏళ్లు కష్టపడతారు.

టవల్ చుట్టావు చూడు, అది జారిపోతుంది, వద్దు. మందపాటి తోలు ముక్కలు రెండు, చేతికొకటి, బిగించి చుట్టు, లేకపోతే కడ్డీ చివర అరచేతిలో దిగుతుంది. రెండు చేతులూ పైనుంచి పట్టుకుని గడ్డం కింద ఛాతీకి దగ్గరగా పెట్టు, మోచేతులు పక్కకి ఎగరనీకు. మొదటి వంపు తేవడమే అసలు పని, అక్కడ మణికట్టూ వేళ్లూ పనిచేస్తాయి, ఒకసారి వంగాక రెండు చివరలూ దగ్గరకి తెచ్చి మూసెయ్యడం ఛాతీ భుజాల పని. నీకు బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి బరువు ఎత్తడం) బాగానే ఉంది, రెండోది నీకు ఇబ్బంది కాదు, మొదటి దగ్గరే ఆగిపోతున్నావు.

అందుకే సమ్మెట కొను. 2 కేజీలది చాలు. చెయ్యి కిందికి వదిలి, సమ్మెట తల ముందుకి పెట్టి, మోచెయ్యి కదలకుండా మణికట్టుతోనే పైకి లేపు, తర్వాత సమ్మెట తల వెనక్కి పెట్టి అలాగే. పది లేపగలిగితే పట్టు పిడి చివరివైపు అర అంగుళం జరుపు, బరువు పెంచక్కర్లేదు. మన ఊళ్లల్లో సంగిడి రాయి ఎత్తేవాళ్లు గద తిప్పేది ఊరికే కాదురా, ఆ మణికట్టు రాయి మీద తెలుస్తుంది. దాంతోపాటు హేమర్ కర్ల్స్ (బొటనవేలు పైకి ఉండేలా డంబెల్ ఎత్తడం), రివర్స్ కర్ల్స్ (అరచెయ్యి కిందికి ఉండేలా ఎత్తడం), జిమ్ బరువు ప్లేట్లు రెండు కలిపి వేళ్లతో పట్టుకుని నిలబడటం, బార్ మీద టవల్ వేసి పుల్లప్స్ చెయ్యి. డిప్స్, దండీలు మానకు. వేళ్లకి రబ్బర్ బ్యాండ్ వేసి తెరవడం రోజూ చెయ్యి, మూసే కండలే పెంచుకుంటూ పోతే మోచెయ్యి బయటివైపు పట్టేస్తుంది.

ఇంకొకటి, వంగని కడ్డీని కూడా వాడుకోవచ్చు. ఆ టీఎంటీ పారెయ్యకు, తోలు చుట్టి పూర్తి బలంలో ముక్కాలు భాగం పెట్టి ఆరు సెకన్లు నొక్కి వదిలెయ్యి, మూడు నాలుగుసార్లు చాలు. అలెగ్జాండర్ జాస్ అని రష్యా బలశాలి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియావాళ్లకి బందీగా చిక్కాడు, గొలుసులూ ఊచలూ లాగుతూ ఇలాగే బలం పెంచుకున్నాడని చెప్తారు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు గొలుసులు తెంపారని చిన్నప్పుడు వింటూ పెరిగాం, నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. వారానికి రెండుసార్లకి మించి వంచకు, మధ్యలో కనీసం రెండ్రోజులు ఖాళీ ఉండాలి. కండకి రక్తం బాగా అందుతుంది కాబట్టి తొందరగా బలపడుతుంది, కండని ఎముకకి కట్టి ఉంచే టెండాన్‌కి అంతగా అందదు, అది నెలల పని. నేను ఇరవైనాలుగేళ్లప్పుడు ఒక నెల రోజూ వంచాను, కండలు బాగున్నాయి కదా అని మోచెయ్యి లోపలివైపు చిన్న నొప్పిని పట్టించుకోలేదు, తర్వాత అయిదు నెలలు ఆ చేత్తో నీళ్ల చెంబు ఎత్తలేకపోయాను, మీ నానమ్మ అన్నం కలిపి పెట్టేది. అది నీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను. చిటికెనవేలి వైపు మణికట్టులో గానీ మోచెయ్యి లోపల గానీ నొప్పి తెల్లారేసరికీ తగ్గకపోతే ఆ వారం కడ్డీ ముట్టుకోకు, సమ్మెట కూడా వద్దు, వారం దాటినా ఉంటే ఫిజియో దగ్గరికెళ్లు.

గట్టి బోల్టులు ఇప్పుడే వద్దు, అవి వంగే బదులు పుటుక్కున విరగొచ్చు, ఏది వంచినా కళ్లకి దెబ్బ తగలకుండా సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకో. వంగిన చోట వెంటనే వేలు పెట్టకు, వేడిగా ఉంటుంది. పళ్లతో కొరికి వంచే వీడియోలు చూసి అటు వెళ్లావంటే మీ నాన్నకి నేనే చెప్తాను.

మూడు నెలలు సమ్మెట చేసి 6 ఎంఎం ఆరంగుళాలది వంచాక వీడియో పంపు, మణికట్టు బాగా కనపడేలా తియ్యి. సంక్రాంతికి వస్తావు కదా, నా పాత తోలు పట్టీలు తుడిచి పెట్టాను.

మీ బాబాయి